కుస్తుంబరి నుంచి కొత్తిమీర దాకా

కొత్తిమీర, ధనియాలు ఒకే మొక్కవి. ఆకుకు ఒక పేరు, గింజకు ఇంకో పేరు. తెలుగిళ్లలో చారు పొంగేటప్పుడు ఆకు, కారం దంచేటప్పుడు గింజ నిత్యం చేతికి తగులుతూనే ఉంటాయి. అయినా ఆ రెండు మాటలకూ వినికిడిలో ఏ చుట్టరికమూ కనిపించదు. ధనియాలన్న పేరు పంట గింజను చెప్పే పాత మాట నుంచి వచ్చింది. కొత్తిమీర అంతకన్నా చిక్కైన పేరు. దాని జాడ పట్టుకుని ప్రాకృతం మీదుగా సంస్కృతానికి, అక్కడి నుంచి టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ దేశానికి వెళ్లాలి. ఇంగ్లీషులోని కోరియాండర్ మూడో దారిన వచ్చింది. దాని తొలి ఆనవాలు గ్రీసులో మూడు వేల ఏళ్ల కిందట తగలబడిన రాజభవనాల లెక్కల పలకల మీద ఉంది.

పేర్లకన్నా మొక్క పాతది. వాము, జీలకర్ర, సోంపు, క్యారెట్ కొత్తిమీర కుటుంబంలోవే. వీటన్నిటికీ పూల కాడలు ఒకే చోట పుట్టి గొడుగు పుల్లల్లా విచ్చుకుంటాయి. ఆ ఆకారాన్ని బట్టే యూరప్ వృక్షశాస్త్రజ్ఞులు గొడుగును సూచించే లాటిన్ మాటతో ఈ కుటుంబాన్ని చాలాకాలం అంబెల్లిఫెరే అన్నారు. కొత్తిమీర పుట్టిల్లు పడమటి ఆసియా, మధ్యధరా సముద్రపు తూర్పు తీరం అని సాధారణంగా అంగీకరిస్తారు. మృత సముద్రం దగ్గర నహల్ హెమార్ అనే గుహలో, మనుషులకు కుండలు చేయడం ఇంకా తెలియని కాలపు పొరలో, ఎండిపోయిన 15 ధనియా బద్దలు దొరికాయి. క్రీ.పూ. 14వ శతాబ్దంలో మరణించిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామెన్ సమాధిని 1922లో తెరిచినప్పుడు బయటపడిన సామగ్రిలోనూ ధనియాలు ఉన్నాయి. ఈజిప్టు నేలలో తనంతట తాను మొలిచే మొక్క కాదిది. కనుక అప్పటికే అక్కడివాళ్లు దాన్ని సాగు చేస్తూ ఉండాలి.

ఈ మొక్కకు ఇంకో ప్రత్యేకత ఉంది. పచ్చి ఆకు వాసన వేరు, పండి ఎండిన గింజ వాసన వేరు. ఆకులో డెకనాల్, డెసినాల్ వంటి ఆల్డిహైడ్లు ఘాటైన వాసననిస్తాయి. గింజ పండేకొద్దీ అవి తగ్గిపోయి, లినలూల్ అనే తీయని పరిమళ ద్రవ్యం పైచేయి అవుతుంది. ధనియాల నూనెలో దాని వంతు తరచు సగానికి మించే ఉంటుంది. ఒకే మొక్క ఇలా రెండు వస్తువులుగా బజారుకు వస్తే, పేర్లు కూడా రెండు కావడంలో వింత లేదు. అసలు పేచీ కూడా ఈ రెండు వాసనల దగ్గరే మొదలవుతుంది. యూరప్ పేరును వివరించినవారు పచ్చి ఆకు వాసన పట్టుకున్నారు. పాత లెక్కల పలకలు మాత్రం ఎండిన గింజ వైపు చూపిస్తున్నాయి.

ముందు తెలుగు మాట సంగతి. రాతలో, వాడుకలో కొత్తిమీర, కొత్తిమిరి, కొత్తిమెర, కొతిమెర అనే రూపాలన్నీ ఉన్నాయి. తెలుగు బైబిలులో మన్నా గింజల్ని పోల్చే చోట కొతిమెర అనే ఉంటుంది. చూడగానే ‘కొత్త’ అన్న మాట కళ్లబడుతుంది కాబట్టి, తాజా ఆకు గనుక కొత్త అన్నారేమో అని సర్దిచెప్పుకోవడం సులువు. తమిళంలో కొత్తమల్లి అంటారు. అక్కడ ‘కొత్తు’ అంటే గుత్తి, ‘మల్లి’ అంటే తెలిసిన పువ్వే. కట్టలుగా అమ్మే ఆకుకు గుత్తి పేరు పెట్టారనుకోవడం ఇంకా సులువు. పొరుగు భాషలతో పోల్చి చూస్తే ఈ రెండు వివరణలూ నిలవవు. కన్నడంలో కొత్తంబరి, కొత్తుంబరి. మరాఠీలో కోథింబీర్. గుజరాతీలో కోథమీర్. హైదరాబాద్ దక్కనీలో కొత్మీర్. మరాఠీ, గుజరాతీ భాషల్లో కొత్త అన్నా, కొత్తు అన్నా ఈ అర్థాలేవీ లేవు. అయినా మాట ఒకటే. అంటే ఇవన్నీ ఒక తల్లి మాటకు పుట్టిన పిల్లలు. ఆ తల్లి సంస్కృతంలోని కుస్తుంబరి, కుస్తుంబురు.

కుస్తుంబరి కొత్తిమీరగా మారిన తీరు కాకతాళీయం కాదు, ప్రాకృత భాషలు సంస్కృత పదాల్ని నలిపిన పద్ధతిలోనే జరిగింది. సంస్కృతంలోని ‘స్త’ ప్రాకృతంలో ‘త్థ’ అవుతుంది. హస్తం హత్థమై, హిందీలో హాథ్‌గా మిగిలింది. ద్విత్వం ముందున్న ఉకారం ఒకారంగా మారడమూ అక్కడ మామూలే. ఈ రెండు మార్పులకీ తెలుగువారికి బాగా తెలిసిన సాక్ష్యం పుస్తకం. అది ప్రాకృతంలో పోత్థమై, తెలుగులో పొత్తం అయింది. పుస్తకం పొత్తమైన దారినే కుస్తుంబరి కొత్తుంబరి అయింది. ఇక ‘ంబ’ నలిగి ‘మ’గా మిగలడానికి కదంబం కడిమి కావడం చూడవచ్చు. కన్నడం ఆ ‘ంబ’ను నిలుపుకుంది, మరాఠీ కూడా నిలుపుకుంది. తెలుగు, గుజరాతీ, దక్కనీ దాన్ని మకారంగా కుదించాయి. నిఘంటువు లేకుండా ఒక కూరాకు పేరు మీదుగానే ఈ భాషల మధ్య ధ్వనులు ఎలా నడిచాయో చెప్పవచ్చు.

మాట అక్కడితో ఆగలేదు, సముద్రమూ దాటింది. సింహళంలో కొత్తమల్లి. శ్రీలంకలో జలుబు చేస్తే కాచి తాగే కషాయానికీ ఇదే పేరు. మలయ్, ఇండోనేషియా భాషల్లో ధనియాలను కెతుంబర్ అంటారు. ఇందులో కుస్తుంబరి రూపం తెలుగు మాటలోకన్నా స్పష్టంగా కనిపిస్తుంది. దక్షిణ భారత తీరాల నుంచి ఆగ్నేయాసియాకు సాగిన వర్తకం ఎంత పాతదో తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. సరుకుతోపాటు పేరూ ఓడ ఎక్కింది.

కుస్తుంబురు అన్న మాట ఎలా ఏర్పడిందనే ప్రశ్నను భారతదేశంలో మొదట ఎత్తిన గ్రంథం పాణిని అష్టాధ్యాయి. దాని కాలం క్రీ.పూ. 5, 4 శతాబ్దాల ప్రాంతమని చెబుతారు. ఆరో అధ్యాయం మొదటి పాదంలో, రెండు భాగాల నడుమ సకారం అదనంగా వచ్చే మాటల్ని పాణిని వరుసగా చెబుతాడు. ఆశ్చర్యం, హరిశ్చంద్ర అన్న మాటల్లోని శకారం కూడా ఆ వరుసలోనిదే. కుస్తుంబురు ఒక మొక్క జాతికి పేరైనప్పుడే నడుమ సకారం వస్తుందని అక్కడి నియమం. ఆ నియమం ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తరవాతి వ్యాఖ్యాత కాశికావృత్తికారుడు విప్పి చెప్పాడు. తుంబురు అంటే తుమికి జాతి చెట్టు పండు. చెడిపోయిన తుంబురు పళ్లను చెప్పదలచుకుంటే ‘కు’ చేర్చి కుతుంబురు అనాలి, సకారం రాదు. ధనియా మొక్కను చెప్పేటప్పుడు మాత్రం కుస్తుంబురు అనాలి.

ఈ వివరణలో గమనించాల్సింది పాణిని జాగ్రత్త. కుస్తుంబురు అంటే ‘చెడ్డ తుంబురు’ అని ఆయన చెప్పలేదు. అది జాతి పేరు, దాని రూపం అలా ఉంది అని మాత్రమే చెప్పాడు. విడదీస్తే అర్థం కుదరని పేరును వ్యాకరణంలో ఇమిడ్చడానికి సకారాన్ని ఆగమంగా చూపించాడు. తుమికి పండుకీ ధనియా గింజకీ రూపంలో గానీ, వాసనలో గానీ, వాడకంలో గానీ పోలిక లేదు. ఇటువంటి మాట సంస్కృత ధాతువుల నుంచి పుట్టిందనడంకన్నా, వేరే భాష నుంచి వచ్చి సంస్కృతంలో స్థిరపడిందనడమే సబబు. పాణిని నియమం ఆ పరాయి పుట్టుకను దాచకుండా చూపిస్తోంది.

పాణిని తరవాతి గ్రంథాల్లో ఈ పేరు బాగా కుదురుకుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కోష్ఠాగారాధ్యక్షుడి విధుల్ని చెప్పే చోట, రాజుగారి ఉగ్రాణంలో ఉండాల్సిన కారపు దినుసుల జాబితా ఉంది. పిప్పలి, మిరియం, అల్లం, జీలకర్ర, తెల్ల ఆవాలతో పాటు కుస్తుంబురు, దమనకం, మరువకం అందులో చేరాయి. ఆర్. శామశాస్త్రి 1909లో అర్థశాస్త్రాన్ని అచ్చు వేయించాక ఈ జాబితా లోకానికి తెలిసింది. అమరకోశం వైశ్యవర్గంలో, అల్లానికీ శొంఠికీ నడుమ, ఈ మొక్కకు నాలుగు పేర్లు ఇచ్చింది. అవి ఛత్రా, వితున్నకం, కుస్తుంబురు, ధాన్యాకం. వీటిలో ఛత్రా అన్నది మనోహరమైన పేరు. ఛత్రం అంటే గొడుగు. యూరప్ శాస్త్రజ్ఞులు అంబెల్లిఫెరే అని పేరు పెట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే ఇక్కడ ఆ పూలగుత్తిని చూసి గొడుగు అన్నారు. తెలుగులో ఆ పేరు నిలవకపోవడం లోటే.

మరి కుస్తుంబురు ఎక్కడి నుంచి వచ్చింది? పడమటి ఆసియా పేర్లను దాని పక్కన ఉంచి చూస్తే పోలిక తెలుస్తుంది. బాబిలోన్, అస్సిరియా దేశాల అక్కాడియన్ భాషలో ధనియాల పేరు కిసిబిర్రు. అరామిక్‌లో కుస్బర్తా. అరబ్బీలో ఈనాటికీ కుజ్బరా. క, స, బ, ర అనే హల్లుల వరుస వీటన్నిటిలో ఉంది. కుస్తుంబరిలోనూ ఆ నాలుగూ అదే క్రమంలో ఉన్నాయి. అక్కాడియన్ మట్టి పలకల మీద ఈ పేరు రాసిన కాలం పాణినికన్నా ఎంతో ముందుది. మొక్క పుట్టిల్లు కూడా ఆ వైపే. మొక్క పడమర నుంచి తూర్పుకు వచ్చిందన్నది ఒప్పుకుంటే, పేరూ దానితోనే వచ్చిందనడం అన్నిటికన్నా తేలికైన వివరణ. దారిలో ఏ భాష దాన్ని ఎలా మలిచిందన్న దానిమీద పండితుల్లో వాదాలున్నా, ఈ పోలికను కాదనడం కష్టం. అలా చూస్తే తెలుగింటి కొత్తిమీర కట్టకు బాబిలోన్‌లో చుట్టాలున్నట్టే.

ధనియాల కథ దీనికి భిన్నం, సూటిగానూ ఉంటుంది. ధాన్యకం, ధాన్యాకం అంటే చిన్న ధాన్యం, గింజ వంటిది. ధాన్యం అన్న మాటకు మూలం వేదకాలపు ధానా. ఋగ్వేదంలో ధానలంటే వేయించిన యవల గింజలు, ఇంద్రుడికి సోమంతో పాటు అర్పించేవి. ఈ కుటుంబం చాలా పెద్దది. పారశీకంలో గింజను దానా అంటారు. దానిమ్మ గింజల అనార్‌దానా, సగ్గుబియ్యానికి హిందీ పేరు సాబూదానా అందులోవే. తెలుగులో గుర్రాలకు, పశువులకు పెట్టే దాణా కూడా ఈ చుట్టమే. దూరాన బాల్టిక్ తీరంలో లిథుయేనియన్లు రొట్టెను దువొనా అంటారు. ఆ మాటనూ భాషాశాస్త్రజ్ఞులు ధానాకు తోబుట్టువుగా లెక్కిస్తారు. సంస్కృత ధాన్యకం ప్రాకృతాల మీదుగా హిందీలో ధనియా, గుజరాతీలో ధాణా, బెంగాలీలో ధనే అయింది. తెలుగు దాన్ని ధనియాలుగా, ఎప్పుడూ బహువచనంలోనే చెప్పుకుంటుంది. ఒక్క గింజతో ఎవరికీ పని ఉండదు కదా.

ధనానికీ ధనియాలకీ మాటలో సంబంధం ఉందనుకునేవారు చాలామంది. పశ్చిమ భారతంలో ఈ నమ్మకం ఆచారంగా మారింది. దీపావళికి ముందు వచ్చే ధన త్రయోదశినాడు గుజరాత్‌లో, మరికొన్ని చోట్ల ధనియాలు కొని పూజలో పెడతారు. మహారాష్ట్రలో ధనియాలు దంచి బెల్లం కలిపి నైవేద్యం పెడతారు. భాషాశాస్త్రం ప్రకారం ధనం, ధానా వేర్వేరు మాటలు. అయినా ఆచారానికి ఆ తేడా అడ్డు రాలేదు. పేరు వినికిడి ఒక పండుగ వస్తువును తయారు చేయగలదనడానికి ఇది చక్కటి సాక్ష్యం.

యూరప్ పేరుది అన్నిటికన్నా ఆసక్తికరమైన చరిత్ర. ఆంగ్ల నిఘంటువుల నుంచి వంట పుస్తకాల దాకా ఒకే మాట పదేపదే కనిపిస్తుంది. గ్రీకులో కోరిస్ అంటే నల్లి, కొత్తిమీర ఆకు నలిపితే నల్లి వాసన వస్తుంది, అందుకే కోరియాండర్ అన్నారు అని. వినడానికి సరదాగా ఉంటుంది కాబట్టి ఈ కథ తెలుగు పత్రికలకూ పాకింది. దాన్ని ఒప్పుకునే ముందు ఆ పేరు మొదట ఎక్కడ, ఎందుకు రాశారో చూడాలి.

1900లో ఆర్థర్ ఈవాన్స్ క్రీట్ దీవిలోని క్నోసోస్‌లో తవ్వకాలు మొదలుపెట్టి, తెలియని లిపిలో రాసిన మట్టి పలకల్ని వెలికితీశాడు. ఆ లిపికి లీనియర్ బి అని పేరు పెట్టారు. 1939లో కార్ల్ బ్లెగెన్‌కు గ్రీసు ప్రధాన భూమి మీద పైలోస్‌లో అదే లిపి పలకలు వందలకొద్దీ దొరికాయి. అర్ధశతాబ్దం పాటు ఎవరికీ అంతుపట్టని ఆ లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ అనే యువ వాస్తుశిల్పి ఛేదించాడు. అందులోని భాష గ్రీకే అని, హోమర్ కాలానికన్నా కొన్ని వందల ఏళ్ల ముందు నాటిదని తేలింది. వెంట్రిస్‌తో కలిసి పనిచేసిన జాన్ చాడ్విక్ ఆ పలకల అర్థాల్ని లోకానికి విప్పి చెప్పాడు. అవి కావ్యాలు కావు, శాసనాలు కావు. ఎవరికి ఎంత గోధుమ ఇచ్చారు, ఎన్ని గొర్రెలున్నాయి, ఏ దినుసు ఎంత మిగిలింది అన్న ఉగ్రాణపు లెక్కలు. ఆ భవనాలు కాలిపోయినప్పుడు పచ్చి మట్టి పలకలు ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి. వినాశనమే వాటిని కాపాడింది.

ఆ లెక్కల్లో కొ-రి-య-ద-న అన్న మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. లీనియర్ బి లిపిలో ప్రతి గుర్తూ అచ్చుతో కూడిన అక్షరం. తెలుగులో ఉన్నట్టు వత్తు లేదు. కనుక ‘ద్న’ అని పలికేదాన్ని ‘ద’, ‘న’ అని విడదీసి రాసేవారు. చదవాల్సింది కోరియద్న. అది బహువచనం, ఏకవచనంలో కోరియద్నోన్. గ్రీసులోని మైసీనే కోట బయట సింహికల ఇల్లు అని పేరుపడ్డ కట్టడంలో దొరికిన పలకల మీద ఈ మాట పక్కనే జీలకర్రకు కుమినో, నువ్వులకు ససమ, పుదీనాకు మిత అని ఉన్నాయి. మూడు వేల రెండు వందల ఏళ్ల నాటి పోపుల పెట్టె లెక్క అది. పైలోస్‌లో దొరికిన ఒక పలక మరీ విలువైనది. థుయెస్టెస్ అనే పరిమళ తైలాల తయారీదారుకు, తైలం కాచడం కోసం ధనియాలు, తుంగ జాతి సుగంధ ద్రవ్యం, తేనె, ద్రాక్షసారా, ఉన్ని ఇచ్చినట్టు అందులో రాసి ఉంది. అంటే ఐరోపాలో ఈ పేరు మొదటిసారి కనిపించేది వంటలోనూ పరిమళాల బట్టీలోనూ. ఇచ్చినవీ గింజలే.

ఇప్పుడు నల్లి కథను ఈ పలకల పక్కన పెట్టి చూడాలి. మొదటి చిక్కు రూపంలో ఉంది. కోరిస్ నుంచి పుట్టి ఉంటే చివర ఆ ‘అద్నోన్’ ఎలా వచ్చిందో చెప్పాలి. గ్రీకు వ్యాకరణంలో అటువంటి ప్రత్యయం లేదు. ‘ద్న’ అన్న ఆ గుంపు గ్రీకు పురాణంలో క్రీట్ రాజకుమారి అరియద్నె పేరులో ఉంది, గ్రీకులు రాకముందు ఆ ప్రాంతంలో ఉన్న భాషల జాడగా దాన్ని భావిస్తారు. జీలకర్ర, నువ్వుల పేర్లు సెమిటిక్ భాషల నుంచి గ్రీకులోకి వచ్చినవని తేలిన విషయం. సుగంధ ద్రవ్యాల పేర్లు సరుకుతోపాటు పొరుగు నుంచి రావడమే అక్కడి రివాజు. రెండో చిక్కు వాసనలో ఉంది. పరిమళ తైలంలో వేసే తీయని గింజకు నల్లి పేరు పెట్టడం పొసగదు.

నల్లి సంగతి తరవాత ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. కోరియద్నోన్‌లోని ‘ద్న’ కాలక్రమంలో ‘న్న’ అయి కోరియన్నోన్ అన్న రూపం వచ్చింది. సంస్కృతంలో తినడం అనే అర్థమున్న ‘అద్’కు ‘న’ చేరి అన్నం అయినట్టే ఈ మార్పు. తరవాత ఆ మాట చివరను గ్రీకులు తమకు తెలిసిన ‘అండ్ర’గా, అలెగ్జాండర్ పేరులో ఉన్న మనిషి అన్న మాటగా సర్దుకుని కోరియాండ్రోన్ అన్నారు. క్లుప్తంగా కోరియోన్ అనీ అన్నారు. ఇంత పొట్టిదయ్యాక మాట మొదట్లో కోరిస్ వినబడటం సహజం. పచ్చి ఆకు వాసన ఆ ఊహకు తోడైంది. కొత్తిమీరలో కొత్తను చూసినట్టే, కోరియోన్‌లో నల్లిని చూశారు. పోలికను పూర్తిగా కొట్టిపారేయలేం. నల్లులు బెదిరినప్పుడు విడిచే హెక్సినాల్, ఆక్టినాల్ కూడా ఆల్డిహైడ్లే, కొత్తిమీర ఆకులోని వాటికి దగ్గరివే. రసాయనం నిజం, పేరు పుట్టుక మాత్రం అది కాదు. పాత నిఘంటువుల్లో చేరిన తప్పు కొత్త పుస్తకాల్లోకి యథాతథంగా దిగుతూ ఉండటం బాధాకరం.

నల్లి వాసన అన్నవారు అబద్ధమాడలేదనడానికి ఈ కాలపు పరిశోధన కూడా ఉంది. కొత్తిమీర కొందరికి సబ్బు వాసన వేస్తుంది. ఆల్డిహైడ్లను పసిగట్టే ఓఆర్6ఎ2 అనే వాసన గ్రాహక జన్యువు దగ్గరి ఒక తేడాకు దీనితో సంబంధముందని 2012లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అదే ఏడాది కెనడాలో యువతీయువకుల మీద జరిగిన మరో అధ్యయనంలో కొత్తిమీర నచ్చదన్నవారు తూర్పు ఆసియా మూలాలవారిలో 21 శాతం, ఐరోపా మూలాలవారిలో 17 శాతం, దక్షిణాసియా మూలాలవారిలో 7 శాతం ఉన్నారు. చిన్నప్పటి నుంచి తింటూ పెరగడమూ ఇందులో ఒక కారణం కావచ్చు.

గ్రీకుల మాట మీదికి వస్తే, ఏథెన్స్‌లో కొత్తిమీర ఎంత చవకైన నిత్యావసరమో అరిస్టోఫనీస్ నాటకం ‘అశ్వికులు’ చెబుతుంది. అది క్రీ.పూ. 424లో ప్రదర్శించిన హాస్య నాటకం. అందులో సాసేజీలు అమ్ముకునే వాడొకడు బజారులోని కొత్తిమీర, ఉల్లికాడల్ని మొత్తం కొనేసి, చిన్న చేపల కూరలో వేసుకోమని సభ్యులకు ఉచితంగా పంచి, ఒక్క చిల్లర నాణెం ఖర్చుతో నగర సభను తన వైపు తిప్పుకుంటాడు. ఆకు కొసరుగా వేయించుకోవడం తెలుగు బజారు అలవాటే కాబట్టి, ఆ ఎత్తుగడ ఇక్కడివారికి వివరించాల్సిన పని లేదు.

గ్రీకు నుంచి రోమన్లకు చేరి కోరియాండ్రుమ్ అయింది. ఈజిప్టు ధనియాలే మేలైనవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. 800 ప్రాంతంలో షార్లమేన్ చక్రవర్తి ఎస్టేటు తోటల్లో పెంచాలని ఆజ్ఞాపించిన మొక్కల పట్టికలోనూ ఇది ఉంది. ఫ్రెంచివారు కోరియాండ్ర్ అన్నారు, ఇంగ్లీషువారు వారి నుంచి తీసుకున్నారు. ఒకే మాటలో రెండు రకారాలుంటే మొదటిది లకారంగా మారడం చాలా భాషల్లో ఉంది. అలా వాడుక లాటిన్‌లో కోలియాండ్రుమ్ వచ్చి, స్పానిష్‌లో కులాంత్రో, సిలాంత్రో అయింది. స్పానిష్‌వారు ఆ మాటను అమెరికా ఖండానికి తీసుకెళ్లారు. మెక్సికన్ వంటతో పాటు అది ఉత్తర అమెరికా ఇంగ్లీషులో చేరి, అక్కడ ఆకు సిలాంత్రోగా, గింజ కోరియాండర్‌గా విడిపోయాయి. అందువల్ల డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూరగాయల దుకాణానికి వెళ్లిన తెలుగువారికి ఆ విభజన కొత్త కాదు. కొత్తిమీర, ధనియాలు అన్న తెలుగు పద్ధతే అది. బ్రిటన్‌లో మాత్రం ఆకూ గింజా రెండూ కోరియాండరే. కరీబియన్ దీవుల్లో, మధ్య అమెరికాలో కులాంత్రో అని వేరే మొక్కను పిలుస్తారు. పొడుగాటి, అంచుల్లో ముళ్లున్న ఆకు అది. వాసన మాత్రం కొత్తిమీరదే.

ఇటలీలో ఈ పేరు ఇంకో మలుపు తీసుకుంది. కార్నివాల్ ఉత్సవాల్లో చక్కెర పూత పెట్టిన ధనియా గింజల్ని జనం మీద చల్లుకునేవారు. ధనియాలను అక్కడ కోరియాందోలి అంటారు. తరవాత గింజలకు బదులు సుద్ద ఉండలు, 19వ శతాబ్దంలో రంగు కాగితపు ముక్కలు వచ్చాయి. వస్తువు మారినా పేరు మారలేదు. ఈనాటికీ ఇటాలియన్లు వేడుకల్లో చల్లే కాగితపు చుక్కల్ని కోరియాందోలి అనే అంటారు.

తూర్పున చైనాకు ఈ మొక్క ఇరాన్ వైపు నుంచి వెళ్లింది. అక్కడి పాత పేరు హుసుయ్. హు అంటే పడమటి పరదేశీయులు. సుయ్ అన్నది పారశీక గిష్నీజ్ పూర్వరూపానికి చైనా ఉచ్చారణ అని బెర్తోల్డ్ లాఫర్ అనే పండితుడు 1919లో వాదించాడు. క్రీ.పూ. 138లో పడమటికి రాయబారిగా వెళ్లిన జాంగ్ చియాన్ దీన్ని తెచ్చాడన్న ప్రసిద్ధ కథ తరవాతి కాలపు కల్పన అని కూడా ఆయనే చూపించాడు. 4వ శతాబ్దంలో ఉత్తర చైనాను ఏలిన షి లె తానే హు తెగలవాడు కావడంతో, ఆ మాట వినపడకుండా పేరును షియాంగ్‌సుయ్‌గా మార్పించాడని సంప్రదాయం చెబుతుంది. షియాంగ్ అంటే సువాసన. ఈనాటి చైనావారి మాట షియాంగ్‌త్సాయ్, సువాసన కూర. జపాన్‌వారికి పోర్చుగీసువారి కోయెంత్రో ద్వారా ఒక పేరు, థాయ్ వంట ద్వారా పకుచీ అని ఇంకో పేరు వచ్చాయి. గిష్నీజ్ తురుష్కంలో కిష్నిష్ అయింది. రష్యన్లు ఆకును కింజా అనడం జార్జియన్ల దగ్గర నేర్చుకున్నారు.

హీబ్రూలో పాత పేరు గద్. నిర్గమకాండంలో మన్నాను తెల్లని గద్ గింజలతో పోల్చారు. దాన్ని గ్రీకులోకి అనువదించిన యూదు పండితులు కోరియోన్ అని రాశారు. తెలుగు అనువాదకుల కొతిమెరకు దారి అక్కడిది.

శాస్త్రీయ నామం కోరియాండ్రుమ్ సాటివుమ్‌ను కార్ల్ లినేయస్ 1753లో స్థిరపరిచాడు. సాటివుమ్ అంటే విత్తి పండించేది. ఈ ప్రజాతిలో దీనికి ఒక్క అడవి తోబుట్టువు మాత్రమే ఉంది, అది తుర్కియే ఆగ్నేయ భాగంలో, లెబనాన్ ప్రాంతంలో పెరుగుతుంది. తెలుగు నేలలో గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం విడుదల చేసిన ధనియా రకాలకు సాధన, స్వాతి, సింధు, సుధ అని పేర్లు పెట్టారు.  అర్థశాస్త్రం జాబితాలో కుస్తుంబురు పక్కనే ఉన్న దమనకం, మరువకం తెలుగులో దవనం, మరువం అయ్యాయి. వాటి పేర్ల చరిత్ర వచ్చే భాగంలో.